బౌల్ నిండా కూరగాయలున్నా నాలుగింటికే ఆకలి ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయికి 23 ఏళ్ళు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. కొన్ని నెలలుగా పాలు, పెరుగు, నెయ్యి పూర్తిగా మానేసి మొక్కల నుంచి వచ్చే ఆహారం మాత్రమే తీసుకుంటోంది. ప్రస్తుతం ఇంటి నుంచి పని చేసుకుంటూ విశాఖపట్నంలో మా దగ్గరే ఉంది. మధ్యాహ్నం అన్నం, కూర, చారు విడివిడిగా వద్దని, రోస్ట్ చేసిన కూరగాయలతో ఒకే బౌల్‌లో భోజనం కావాలని అడుగుతోంది. అర కప్పు బియ్యం వండి, దాని మీద ఓవెన్‌లో పెట్టిన బంగాళాదుంప, క్యారెట్, కాలీఫ్లవర్, సొరకాయ, టమాటా ముక్కలు వేసి, నిమ్మకాయ పిండి ఇస్తున్నాను. ముక్కలు ఉడకబెట్టినట్టు నీరుకారిపోతున్నాయి. వేడి పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటున్నాయి. అంత పెద్ద బౌల్ తిన్నా నాలుగు గంటలకల్లా ఆకలని బిస్కెట్ల డబ్బా తీస్తోంది. మావారికి షుగర్ ఉంది, ఆయనా ఇదే తింటానంటున్నారు. మా అత్తగారేమో పెరుగు ముద్ద లేకుండా ఒంటికి బలం ఎక్కడి నుంచి వస్తుందని రోజూ అడుగుతున్నారు. ఆవిడ మాట విన్నప్పుడల్లా నాకూ భయంగానే ఉంటోంది. ఈ భోజనాన్ని సరిగ్గా ఎలా చేయాలో చెప్పగలరు.
ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, నమస్కారం. మీరు రాసిన రెండు ఇబ్బందులకూ కారణాలు వేరువేరు. ముక్కలు నీరుకారడం ఓవెన్ వాడకానికి సంబంధించిన విషయం, దాన్ని ఒక్క పూటలో సరిదిద్దుకోవచ్చు. నాలుగు గంటలకే ఆకలి వేయడం మాత్రం బౌల్ కూర్పులోనే ఉన్న లోపం. కూరగాయలు ఎంత చక్కగా వేగినా ఆ లోపం తీరదు కాబట్టి ముందు దాని గురించే రాస్తాను. మీ అత్తగారి అనుమానం కూడా తోసిపుచ్చదగినది కాదు. పెరుగే ఉండాలన్న నియమం లేకపోయినా, పెరుగు తీసేసిన చోట మరొకటి చేరాలన్నది నూటికి నూరుపాళ్ళు నిజం, మీ బౌల్‌లో ఆ చేరవలసినది చేరలేదు.

లెక్క చూడండి. బౌల్‌కు 50 గ్రాముల బియ్యం వండారనుకుంటే అందులో ఉండే ప్రొటీన్ సుమారు 4 గ్రాములు. దాని మీద 200 గ్రాముల కూరగాయలు వేస్తే మరో 3, 4 గ్రాములు వస్తాయి. అంటే బౌల్ మొత్తానికి 8 గ్రాములు మించదు. పెద్దవాళ్ళకు రోజుకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన ప్రమాణాలు చెబుతున్నాయి. మీ అమ్మాయి బరువు 55 కిలోలు అనుకుంటే ఆమెకు రోజుకు దాదాపు 46 గ్రాములు కావాలి. పగటి ప్రధాన భోజనంలోనే 8 గ్రాములు వస్తే మిగిలిన 38 గ్రాములు టిఫిన్‌లోనూ రాత్రి భోజనంలోనూ పూడ్చుకోవడం చాలా కష్టం. పైగా మీ బౌల్‌లో నూనె, గింజలు దాదాపు లేనట్టే. ప్రొటీన్, కొవ్వు, పీచు మూడూ కలిసినప్పుడే ఆహారం జీర్ణాశయంలో నిదానంగా కదులుతుంది, ఆకలి ఆలస్యంగా వేస్తుంది. బౌల్ చూడడానికి పెద్దదిగా కనిపించినా అందులో ఎక్కువ భాగం నీరే కాబట్టి మీ అమ్మాయి బిస్కెట్ల డబ్బా తీయడంలో ఆమె తప్పేమీ లేదు.

అందువల్ల రేపటి బౌల్ గురించి ఆలోచించేటప్పుడు ఏ కూరగాయలు కోయాలన్నది తర్వాత చూసుకుని, ఏ గింజలు నానబెట్టాలన్నది ముందు రోజు రాత్రే తేల్చుకోండి. కాబూలీ శనగలు, నల్ల శనగలు, బొబ్బర్లు, పెసలు, రాజ్మా, ఇవన్నీ ఈ పనికి వస్తాయి. మనిషికి 50 గ్రాముల ఎండు గింజలు కొలిచి వేయండి. శనగలైతే వాటిలోనే 10 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది, ఉడికాక రెట్టింపు కంటే కాస్త ఎక్కువ బరువుకు వచ్చి బౌల్‌లో మూడో వంతు ఆక్రమిస్తాయి. కంటికి కూడా శనగలు కూరగాయలతో సమానంగా కనిపించాలి, పైన అలంకారానికి చల్లినట్టు పది గింజలు వేస్తే ప్రయోజనం లేదు. నానబెట్టడం మరచిపోయిన రోజున మీల్ మేకర్ వేడినీళ్ళలో వేసి, మెత్తబడ్డాక గట్టిగా పిండి, కూరగాయలతో పాటు ఓవెన్‌లో పెట్టవచ్చు. ఎండు మీల్ మేకర్‌లో సగం బరువు ప్రొటీనే కాబట్టి మనిషికి 20 గ్రాములు సరిపోతుంది. సోయా పాలతో చేసే టోఫు మీ ఊళ్ళో పెద్ద దుకాణాల్లో దొరుకుతుంది, కానీ రోజువారీ ఖర్చు చూసుకుంటే శనగలే మేలు.

కాబూలీ శనగలను ఎనిమిది గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో ఉప్పు వేసి కుక్కర్‌లో ఉడికించండి. కుక్కర్‌కూ కుక్కర్‌కూ విజిల్స్ మారతాయి కాబట్టి గింజనే చూసుకోవాలి. రెండు వేళ్ళ మధ్య నొక్కితే మెత్తగా మెదగాలి, అలాగని తొక్క ఊడి పిండి కాకూడదు. నానిన నీళ్ళు పారబోస్తే కడుపు ఉబ్బరం కొంత తగ్గుతుంది. ఇంతవరకు పప్పుధాన్యాలు ఎక్కువ తినే అలవాటు లేని వారైతే మొదటి వారం సగం కొలతతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచడం మంచిది. రాజ్మా విషయంలో ఒక హెచ్చరిక ఉంది. సరిగ్గా ఉడకని రాజ్మాలో ఉండే ఒక సహజ పదార్థం వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది కాబట్టి నానిన గింజలను నేరుగా ఓవెన్‌లో పెట్టకూడదు, కుక్కర్‌లో పూర్తిగా ఉడికిన తర్వాతే బౌల్‌లోకి రావాలి.

ఉడికిన శనగల్లో సగం మెత్తగానే ఉంచి, మిగతా సగం పొడి బట్ట మీద ఆరబెట్టి, ఒక చెంచా నూనె పట్టించి, 200 డిగ్రీల వేడిలో 25 నిమిషాలు ఉంచితే పైన కరకరలాడతాయి. జీలకర్ర పొడి, కారం బయటికి తీశాకే చల్లాలి, ముందే చల్లితే మాడి చేదెక్కుతాయి. ఒకే బౌల్‌లో మెత్తనివీ కరకరలాడేవీ రెండూ ఉన్నప్పుడు మనిషి నెమ్మదిగా నమిలి తింటాడు. ఇది రుచి కోసం చెబుతున్న మాటే అయినా, పావుగంటలో గబగబా తిని కంప్యూటర్ ముందుకు వెళ్ళే పిల్లల విషయంలో కడుపు నిండడానికి కూడా పనికివస్తుంది.

ఇప్పుడు కూరగాయల సంగతి. మీ ముక్కలు ఉడికినట్టు ఎందుకు అవుతున్నాయంటే, నిజంగానే అవి ఉడుకుతున్నాయి. నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరవుతుంది. ముక్క పైభాగాన తడి ఉన్నంతసేపూ ఆ పైభాగం వేడి 100 డిగ్రీలు దాటదు, ఓవెన్ లోపల 220 ఉన్నా సరే. ఎర్రగా వేగి ఆ కమ్మని వాసన రావాలంటే ముక్క ఉపరితలం దాదాపు 140 డిగ్రీలకు చేరాలి. అంటే ముందు తడి ఆరాలి, ఆ ఆవిరి బయటికి పోవడానికి చోటుండాలి. కడిగిన వెంటనే కోసిన కాలీఫ్లవర్‌లోనూ, ఒకదాని మీద ఒకటి పోసిన ముక్కల్లోనూ ఈ రెండూ జరగవు. వాటికి తోడు మీరు సొరకాయ, టమాటా కూడా అదే ట్రేలో పెడుతున్నారు. సొరకాయలో నూటికి తొంభై పాళ్ళకు పైగా నీరే, అది బయటికి వచ్చి ట్రే అడుగున చేరి చుట్టూ ఉన్న బంగాళాదుంపను కూడా ఉడకబెడుతోంది. సొరకాయ, బీరకాయ, పొట్లకాయ ఓవెన్‌కు తగినవి కావు. వాటిని పప్పులోకో పెసరపప్పు కూరలోకో ఉంచండి, వాటి రుచి అక్కడే బాగుంటుంది.

కూరగాయలను వంటకు గంట ముందే కడిగి, బట్టతో తుడిచి, గాలికి ఆరనివ్వండి. ఓవెన్‌ను 210 డిగ్రీల దగ్గర, పైనా కిందా రెండు రాడ్‌లూ వేసి, ముక్కలు పెట్టకముందే పదిహేను నిమిషాలు వేడెక్కనివ్వండి. ఇళ్ళలో వాడే చిన్న ఓవెన్‌లలో వేడిని సూచించే దీపం ఆరిపోయినంత మాత్రాన లోపలి గోడలు పూర్తిగా వేడెక్కినట్టు కాదు, మరో అయిదు నిమిషాలు ఆగడం మంచిది. అరకిలో ముక్కలకు ఒక పెద్ద చెంచా, అంటే 15 మిల్లీలీటర్ల వేరుశనగ నూనె పోసి, గరిటెతో కలపకుండా చేత్తో ప్రతి ముక్కకూ పట్టించండి. నూనె పలుచని పొరగా పట్టిన చోటే వేడి సమంగా తగులుతుంది. ఉప్పు ట్రే లోపలికి వెళ్ళే ముందు మాత్రమే చల్లండి. ఉప్పు చల్లి పక్కన పెడితే పావుగంటలో గిన్నె అడుగున నీరు కనిపిస్తుంది. ఆ తర్వాత ముక్కకూ ముక్కకూ మధ్య వేలు పట్టేంత సందు వదిలి ఒకే వరుసగా పరవండి. మీ ఓవెన్ ట్రేలో నలుగురికి సరిపడా ముక్కలు ఇలా పట్టవు. రెండు విడతలుగా చేయండి, లేదా కొంత ఓవెన్‌లో, కొంత పెనం మీద చేయండి. తొందరపడి కుక్కితే మళ్ళీ పాత కథే అవుతుంది.

పైన మాడి లోపల పచ్చిగా ఉండడం ముక్కల పరిమాణం వల్ల వచ్చే చిక్కు. క్యారెట్, చిలగడదుంప, బీట్‌రూట్ లాంటి గట్టివి చిన్నగా, అంగుళం కంటే తక్కువ ముక్కలుగా కోయాలి, వీటికి 30 నుంచి 35 నిమిషాలు పడుతుంది. కాలీఫ్లవర్ పువ్వులను కాస్త పెద్దవిగానే ఉంచి, ఒక వైపు కత్తితో చదునుగా కోసి ఆ చదును వైపు ట్రేకు ఆనించి పెడితే 25 నిమిషాల్లో అడుగు ఎర్రగా వేగుతుంది. ఉల్లిపాయలు, క్యాప్సికమ్ పెద్ద ముక్కలుగా కోసి, గట్టివి పెట్టిన పది, పదిహేను నిమిషాల తర్వాత చేర్చండి. టమాటాను సగానికి కోసి, కోసిన ముఖం పైకి ఉండేలా చిన్న గిన్నెలో విడిగా పెడితే రసం అందులోనే చిక్కబడుతుంది, తర్వాత దాన్ని కింద చెప్పబోయే పచ్చడిలో కలుపుకోవచ్చు. సగం సమయం గడిచాక ఒక్కసారి తిప్పండి చాలు. అయిదు నిమిషాలకోసారి తలుపు తెరిస్తే ఉన్న వేడి పోతుంది. తీసిన తర్వాత ముక్కలను గిన్నెలో పోగు పోసి మూత పెట్టకండి. అరగంట కష్టపడి పోగొట్టిన ఆవిరి మళ్ళీ వాటికే పడుతుంది.

విదేశీ వీడియోలు చూసి జుకినీ, బ్రకోలీ కొనవలసిన అవసరం మీకు లేదు. మన దొండకాయ నిలువుగా నాలుగు చీలికలు చేసి పెడితే అరగంటలో అంచులు ముడతలు పడి ఎంతో బాగుంటుంది. బెండకాయను తడి లేకుండా తుడిచి నిలువుగా రెండుగా చీల్చి పెడితే పొడి వేడికి జిగురు అంతా పోతుంది. నల్లని గుండ్రటి వంకాయలను పెద్ద చెక్కలుగా కోసి, కాస్త ఎక్కువ నూనె పట్టించి పెట్టవచ్చు. తియ్యగుమ్మడి తొక్కతో సహా పెట్టండి. కంద ఇష్టమైతే చింతపండు వేసిన నీళ్ళలో ముందుగా మూడొంతులు ఉడికించి, ఆరబెట్టి, తర్వాత ఓవెన్‌లో పెట్టాలి, లేకపోతే గొంతు దురద పెడుతుంది. వీటన్నిటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది చిలగడదుంప. అది నెమ్మదిగా వేడెక్కుతున్నప్పుడు దానిలోని పిండి పదార్థాన్ని దానిలోనే ఉన్న ఎంజైము చక్కెరగా మారుస్తుంది. అరగంట గడిచాక చూస్తే ముక్క అంచు ముదురు గోధుమ రంగుకు తిరిగి, ట్రేకు ఆనిన చోట పాకం పట్టినట్టు సన్నని గీత ఒకటి మెరుస్తూ ఉంటుంది. అట్లకాడతో ఆ గీతను కూడా గీకి ముక్కతో పాటే తీసుకోండి, రుచంతా అక్కడే ఉంటుంది. మన సంతల్లో దొరికే తెల్ల గుజ్జు చిలగడదుంపలో విటమిన్ ‘ఎ’గా మారే బీటా కెరోటిన్ చాలా తక్కువ. అందుకని నారింజ రంగు గుజ్జు ఉన్న రకం దొరికిన రోజు దాన్ని కొనండి, దొరకని రోజు పక్కన క్యారెట్టో గుమ్మడో తప్పకుండా ఉంచండి. ఆ కెరోటిన్ ఒంటికి పట్టాలంటే నూనె కావాలి కాబట్టి ఆరోగ్యం పేరుతో నూనె పూర్తిగా మానేసిన బౌల్ మంచిది కాదు.

ధాన్యం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. కొర్రలు, సామలు, జొన్న రవ్వ, దంపుడు బియ్యం, ఏదైనా మనిషికి 50 గ్రాములు చాలు. కొర్రలైతే కనీసం రెండు గంటలు నానబెట్టి, కప్పుకు రెండు కప్పుల నీళ్ళతో సన్నని మంట మీద ఉడికించి, దించాక పది నిమిషాలు మూత తీయకుండా ఉంచితే పొడిపొడిగా వస్తాయి. వాటిలో తెల్ల బియ్యం కంటే పీచు ఎక్కువ, అంతవరకు మేలే. అయితే చిరుధాన్యాలు లేనిదే ఈ భోజనం కాదనే పట్టుదల నాకు లేదు. ఇంట్లో అన్నం వండి ఉంటే అన్నమే వేయండి. ప్రొటీన్‌లో భాగమైన లైసీన్ అనే అమైనో ఆమ్లం ధాన్యాల్లో తక్కువ, పప్పుల్లో అది సమృద్ధిగా ఉంటుంది. పప్పుల్లో తక్కువగా ఉండే మెథియొనీన్ ధాన్యాల్లోనూ నువ్వుల్లోనూ దొరుకుతుంది. మన పెద్దలు అన్నంలో పప్పు కలిపి తిన్నప్పుడు జరిగినదే ఈ బౌల్‌లోనూ జరగాలి.

బౌల్‌ను ఒక్కటిగా కలిపేది పైన పోసే పచ్చడి. ఇది లేకపోతే ఎండు ముక్కలు, ఎండు గింజలు గొంతు దిగవు, నిమ్మరసం ఒక్కటే దానికి సరిపోదు. నలుగురికి నాలుగు పెద్ద చెంచాల నువ్వులు సన్నని సెగ మీద చిటపటలాడి వాసన వచ్చేవరకు వేయించి, రెండు వేయించిన పచ్చిమిరపకాయలు, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు వేసి ముందు పొడిగా తిప్పండి. తర్వాత ఓవెన్‌లో వేగిన టమాటా, నీళ్ళు కొద్దికొద్దిగా చేరుస్తూ గరిటె జారుగా రుబ్బండి. నువ్వులు ఎర్రబడేదాకా వేయిస్తే చేదు వస్తుంది, ఆ ఒక్క జాగ్రత్త చాలు. ఇంకో రోజు నువ్వుల బదులు వేయించిన వేరుశనగ గుళ్ళు, ఇంకో రోజు పచ్చికొబ్బరి, కొత్తిమీర వాడుకోవచ్చు. పైన ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెడితే మీ అత్తగారికి కూడా ఇది పరాయి వంటలా అనిపించదు. నిమ్మరసం మాత్రం వడ్డించేటప్పుడే పిండండి. వేడికి విటమిన్ ‘సి’ నశిస్తుంది, ఆ విటమిన్ ఉన్నప్పుడే శనగల్లోని, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అదే కారణంగా భోజనం అయిన వెంటనే టీ, కాఫీ తాగవద్దని అమ్మాయికి చెప్పండి, గంట ఆగితే మంచిది.

ఇక పక్కన పచ్చిగా కొంచెం ఉండాలి: కీరా, ఉల్లి, కొత్తిమీర, వీలైతే గుప్పెడు తోటకూర అర నిమిషం పెనం మీద వాడ్చి వేయండి. ఇలా 50 గ్రాముల శనగలు, 50 గ్రాముల ధాన్యం, 200 గ్రాముల కూరగాయలు, ఒక పెద్ద చెంచా నువ్వులతో చేసిన పచ్చడి, పైన పది గ్రాముల వేరుశనగ గుళ్ళు పెడితే ప్రొటీన్ 20 గ్రాములు దాటుతుంది. మీ పాత బౌల్‌కు రెండున్నర రెట్లు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు రోజుకు 2000 కిలో కేలరీల పళ్ళెంలో 400 గ్రాముల కూరగాయలు, 85 గ్రాముల పప్పుధాన్యాలు, నువ్వులు, వేరుశనగల వంటి నూనె గింజలు 35 గ్రాములు సూచించాయి. ఈ ఒక్క బౌల్‌తోనే కూరగాయల్లో సగం, పప్పుల్లో సగానికి పైన పూర్తవుతాయి.

అయితే అదే పళ్ళెంలో 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు కూడా ఉన్నాయి. మీ అత్తగారి ప్రశ్నకు అసలు సమాధానం ఇక్కడుంది. అది మానేస్తే రోజూ దాదాపు 10 గ్రాముల ప్రొటీన్, 350 మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం, కొంత విటమిన్ బి12 తగ్గుతాయి. ప్రొటీన్‌ను శనగలు భర్తీ చేస్తాయి. కాల్షియంను నువ్వులు, రాగులు, మునగాకు కలిసి చాలావరకు భర్తీ చేయగలవు. పెద్దవాళ్ళకు రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలి కాబట్టి ఒక్క చెంచా నువ్వులతో పని అయిపోయిందనుకోకుండా, ఉదయం రాగి జావో రాగి దోసో అలవాటు చేయండి. పాలకూరలో కాల్షియం ఉన్నా దానిలోని ఆక్సలేట్లు అనే పదార్థాల వల్ల ఒంటికి పట్టేది స్వల్పమే, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. బి12 విషయంలో మాత్రం ఏ కూరగాయా, ఏ గింజా, ఏ ధాన్యమూ ఉపయోగపడదు. పులియబెట్టిన ఇడ్లీ పిండిలోనో స్పిరులినా అనే నాచు పొడిలోనో అది దొరుకుతుందనే ప్రచారాన్ని నమ్మవద్దు. పూర్తిగా మొక్కల ఆహారం తీసుకునేవారు బి12 మాత్ర గానీ, బి12 చేర్చిన ఆహారం గానీ తప్పనిసరిగా తీసుకోవాలి. దాని లోపం మొదట్లో బయటికి కనిపించదు, నీరసం, అరికాళ్ళ తిమ్మిర్లు మొదలయ్యేసరికి నరాలకు నష్టం జరిగి ఉండవచ్చు. ఈ నెలలోనే డాక్టరుకు చూపించి బి12, విటమిన్ డి, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించి, మాత్ర మోతాదు ఆయన చేతే రాయించుకోండి. ఈ ఒక్క విషయంలో వాయిదా వేయవద్దని గట్టిగా చెబుతున్నాను.

మీవారికి కూడా ఇదే వంట పనికివస్తుంది, బౌల్ కూర్పే మారాలి. కాల్చిన చిలగడదుంప, ఉడికించిన దానికంటే త్వరగా రక్తంలో చక్కెరను పెంచుతుంది, బంగాళాదుంప కూడా దుంపే. కనుక ఆయనకు కాలీఫ్లవర్, దొండకాయ, బెండకాయ, వంకాయ, క్యాప్సికమ్ ఎక్కువ వేసి, ధాన్యం 30 గ్రాములకు తగ్గించి, శనగలు అలాగే ఉంచండి. మాత్రలు, ఇన్సులిన్ వాడుతున్నవారు భోజనంలో పిండి పదార్థం తగ్గించేటప్పుడు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి, షుగర్ పడిపోయే ప్రమాదం ఉంటుంది. మూత్రపిండాల సమస్య కూడా ఉంటే ఈ కొలతలేవీ డాక్టరును అడగకుండా పాటించవద్దు. మీ అత్తగారికి శనగలు మెత్తగా మెదిపి, కూరగాయ ముక్కలు చిన్నవి చేసి పెట్టండి, ఆవిడ చివర పెరుగన్నం తింటానంటే తిననివ్వండి. అమ్మాయి మానేసిందని ఇంటిల్లిపాదీ మానవలసిన పని లేదు.

రోజూ ఇంత పని కుదరదు కాబట్టి శనగలు రెండు, మూడు రోజులకు సరిపడా ఒకేసారి ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. నువ్వుల పొడి నీళ్ళు పోయకుండా సీసాలో నిలవ ఉంచి, ఏ రోజుకారోజు కలుపుకోవచ్చు. వండిన అన్నం, కొర్రలు మాత్రం గంటలకొద్దీ బయట వదలకండి. విశాఖ ఉక్కపోతలో అవి త్వరగా పాడవుతాయి, కొన్ని రకాల బాక్టీరియా విడుదల చేసే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. వెడల్పు పళ్ళెంలో ఆరబెట్టి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేర్చండి. నిన్నటి కూరగాయ ముక్కలను మైక్రోవేవ్‌లో వేడి చేస్తే మెత్తబడతాయి, వేడి పెనం మీద మూత లేకుండా రెండు నిమిషాలు తిప్పితే చాలావరకు మొదటి రోజు రుచి వస్తుంది.

అమ్మాయి తిరిగి హైదరాబాద్ వెళ్ళాక ఆమె గదిలో ఓవెన్ ఉండకపోవచ్చు. అప్పుడు అడుగు మందంగా ఉన్న ఇనుప మూకుడు ఒకటి ఇచ్చి పంపండి, ఇండక్షన్ పొయ్యి అయితే అడుగు చదునుగా ఉన్నది చూసి కొనండి. మూకుడు బాగా కాలాక ఒక చెంచా నూనె వేసి, ఒక్కరికి సరిపడా తుడిచిన ముక్కలను ఒకే వరుసగా పరచి, మొదటి నాలుగు నిమిషాలు కదపకుండా వదిలేయాలి. అడుగు ఎర్రబడ్డాక తిప్పి, మంట తగ్గించి మరో ఎనిమిది, పది నిమిషాలు ఉంచితే క్యారెట్, కాలీఫ్లవర్, దొండకాయ చక్కగా వేగుతాయి. చిలగడదుంప మాత్రం ముందుగా ఆవిరి మీద ఉడికించుకోవాలి. ఆ మూకుడుతో పాటు నువ్వుల పొడి సీసా, కిలో శనగలు కూడా సంచిలో పెట్టి, రాత్రి పడుకునే ముందు గుప్పెడు శనగలు నానబెట్టుకోవడం మరచిపోవద్దని చెప్పండి.